దుమ్ముకి పుట్టిల్లుండదు

మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక
ఉపగ్రహం ఒక్కసారి తొంగిచూసి పోతుంది.
ఫహాహీల్ ఆఫీసులో, ఏసీ చలికి శాలువా కప్పుకుని
ఆ బొమ్మ తెరుస్తాను.

సముద్రం మీద మరక.
అంచు చెదిరిన బూడిదరంగు, లోపలెక్కడో నీలం.
"దుమ్మే, రాసెయ్," అన్నాడు హైతమ్
టీలోకి పుదీనా తుంచుకుంటూ.
ఏడాదిలో సగం రోజులు ఇక్కడ ఆకాశమంటే దుమ్మే.

చిలకమ్మ తడిగుడ్డ కర్ర ఆపింది.
మారేడుమిల్లి పైన పోడు కాల్చిన చేతులు.
కిటికీ సందుకి ముక్కు ఆనించి, తర్వాత తెర చూసి,
"దుమ్ముకి పుట్టిల్లుండదమ్మా.
దీనికుంది. తోక చూడు, ఎంత సన్నంగా మొదలైందో.
పచ్చికట్టె. ఏడుస్తా కాలుద్ది."

తూరుపుగాలికి ఎదురెక్కి
తోక పట్టుకుని పోయాను.
నీళ్లు దాటి, ఒడ్డు దాటి
జాగ్రోస్ కొండల ఓక్ అడవిలో
ఏడు ఎర్ర చుక్కలు.
ఒక్కో చుక్క మూడొందల డెబ్బై అయిదు మీటర్లు.
అందులో ఎన్ని గూళ్లు పడతాయో
ఏ పట్టికా చెప్పదు.

'దుమ్ము' కొట్టేసి 'పొగ' అని రాశాను.
'గుర్తించినవారు' అన్న గడిలో
నా పేరు సగం కొట్టి, చెరిపి,
"నీ ఇంటిపేరేంటి, చిలకమ్మా?"

లిఫ్టు తలుపు మూసుకుంది.
నేల ఇంకా తడిగానే ఉంది.