వాపసు లేదు

ఊటీల రెండు రూములకు
ఎనిమిది వేలు అడ్వాన్స్ కట్టిన.
పోయేది శుక్రవారం. మంగళవారం పొద్దుగాల
చిన్నదానికి ఒళ్లంత తల్లి పోసింది.
గుమ్మానికి వేపమండలు కట్టి
మా ఆమె స్వెట్టర్లన్నీ మళ్లీ అల్మారల పెట్టింది,
ఒక్క మాట అనకుంట.

"వారం లోపల రద్దు చేస్తే పైసా రాదు సార్,
రశీదు కింద రాసే ఉంది" అన్నడు ఫోన్ల పిలగాడు.
మర్యాదగనే అన్నడు.
పెద్దగ చేసి చూసిన. ఉంది.
చీమల బారు.

కాజీపేటల నాది టెంట్‌హౌజ్.
నా రశీదు బుక్కుల గూడ అదే ముక్క,
ఎర్ర సిరాతోని.
హన్మకొండ చౌరస్తాల నేనే అచ్చేయించిన.

పోయిన మాఘంల
మడికొండ సారయ్య వచ్చి నిలబడ్డడు.
"తమ్ముడు పోయిండు పటేలా, మైల.
కొత్తింట్ల పాలు పొంగియ్యలేం."
నా దుకాణంల మూడు వందల కుర్చీలు,
కూసోమంటే కూసోలే.
వేలు పెట్టి ఆ లైను చూపిచ్చిన.
సదువు రాదాయనకు,
చదివినట్టే తలూపిండు.

ఇయ్యాల పెద్దోడు
ఊటీ చలికని కొన్న మంకీ టోపీ పెట్టుకొని
ఫ్యాన్ కింద పండిండు. తీయనంటడు.

నేను రశీదు బుక్కు వెనక్కి తిప్పుతున్న.
నూటపద్నాలుగు. నూటపదమూడు.
దొరికింది: రెండు వేల అయిదు వందలు,
పక్కన వేలిముద్ర,
కింద ఫోన్ నంబరు.
కార్బన్ల అలుక్కపోయి
ఆఖరు అంకె తెలుస్తలేదు,
ఏడో, ఒకటో.