సోమం అమ్మినవాడు

ఎలన్ లోయ మీద అక్టోబరు వాన
కురవడం లేదు, నిలబడి ఉంది.
ఐర్‌వెన్ ప్రిచర్డ్ మోకాళ్ల మీద వంగి
గడ్డిని పాయలు తీస్తోంది
పేలు చూసే పిన్నిలా.

"ఇదిగో, మీ దేవుడు" అంది.

చిటికెన వేలి గోరంత టోపీ,
పైన చిన్న మొన,
కాడ దారప్పోగంత.
దేవుణ్ణి ఇంకాస్త పొడుగ్గా ఊహించుకున్నాను.

ముప్పై ఏళ్లు సైకిలు మీద ఊళ్లు తిరిగిన నర్సు ఆవిడ,
ఇప్పుడు పుట్టగొడుగుల్ని లెక్కపెడుతుంది.
నేను అబరిస్ట్‌విత్ ఆసుపత్రిలో మత్తు డాక్టర్ని.
బ్యాడ్జి మీద సోమయాజుల అని ఉంటుంది,
అందరూ సగంలోనే దిగిపోతారు: డాక్టర్ సోమా.
ఆ సగానికి అర్థమేమిటని
ఇన్నేళ్లలో అడిగింది ఈవిడే.

చెప్పాను.
మావాళ్లలో ఎవరో, ఎప్పుడో, యాగం చేశాడు.
రాళ్లతో దంచి, గొర్రె ఉన్నిలో వడగట్టి,
పాలు కలిపి తాగాడు.
అదీ అసలుది కాదట.
అప్పటికే బదులు మొక్క వచ్చేసింది,
ఆకుల్లేని పాలతీగ,
నాలుక మీద వగరు తప్ప
ఏ లోకమూ చూపించని తీగ.
తాగినవాడి పేరు మాత్రం
నా జీతం చీటీ దాకా వచ్చింది.

కొందరంటారు, అసలుది
తెల్లచుక్కల ఎర్రగొడుగని.
ఋక్కుల్లో దానికి ఆకు లేదు, వేరు లేదు, పువ్వు లేదు గనక.
కాదు, నిద్ర పట్టనివ్వని ఏదో పుల్ల అంటారు ఇంకొందరు.
నాకు తెలిసినవి మోతాదులు.

మా ఇంట్లో అయితే
కుక్కగొడుగు అన్న మాట వంటింటి గడప దాటేది కాదు.
పక్కవాటా వాళ్లు అరువడిగి
పుట్టగొడుగుల కూర వండుకున్న గిన్నెని
మా మేనత్త శేషమాంబ
చింతపండుతో మూడుసార్లు తోమించింది,
అయినా పెరట్లోనే ఉంచేసింది,
కాకులు నీళ్లు తాగేవి అందులో.

"అంత భయం తిండికి పుట్టదు,
పాత భక్తికి పట్టిన తుప్పు అది" అంది ఐర్‌వెన్.
మాట నచ్చింది.
నమ్మానని చెప్పలేను.

ముళ్లకంచె పొడుగునా
గొర్రెలు వదిలేసిన ఉన్ని పాయలు.
ఒక చుక్క ఆ ఉన్నిలోకి దిగింది,
కాసేపు లోపలే ఆలోచించుకుంది,
అడుగునుంచి బయటికొచ్చి
సరిగ్గా ఆ చిన్న టోపీ మీద పడింది.

మెడ వెనక వెంట్రుకలు లేచాయి.
చలి అని చెప్పుకున్నాను.

"కోస్తే నేరం," అందావిడ,
"చూడ్డానికి ఇంకా చట్టం రాలేదు."

అప్పుడు చెప్పాను మిగతాది.
యాగంలో ఒక తంతుంది. సోమాన్ని కొనాలి.
గట్టిగా బేరమాడాలి.
ఆవునిస్తామనాలి, బంగారం చేతికివ్వాలి,
సరుకు చేతికందాక
బంగారం లాక్కుని
అమ్మినవాణ్ణి కొట్టి తరిమేయాలి.

వాడొక్కడికే తెలుసు
ఏ కొండో, ఏ నెలో,
ఏ పశువు మేసి వెళ్లిన గడ్డిలోనో.
వీపు తడుముకుంటూ వెళ్లేవాడు చిరునామా చెప్తాడా?
ఒక ఏడాది వాడు రాలేదు.
అంతే అయ్యుంటుంది.
స్వరం జారకుండా మంత్రాన్ని దాచుకున్నాం,
మొక్కని పోగొట్టుకున్నాం.

ఐర్‌వెన్ చాలాసేపు మాట్లాడలేదు.
"మా నాయనమ్మకి దీని పేరు తెలుసు,
ఛాపెల్‌కి వెళ్లడం మొదలెట్టాక
ఆ పేరు పలకడం మానేసింది.
నాకు లాటిన్ పేరే వచ్చు" అంది.
మోకాళ్ల బురద దులుపుకుంది, రాలేదు.

సోమవారం, తుంటి ఆపరేషన్.
గ్విలిమ్, ఎనభై ఒకటి, గొర్రెల కాపరి.
సిరంజిలో నా మందు
పాలు కలిపినట్టే తెల్లగా ఉంటుంది,
ఇన్నేళ్లూ గమనించలేదు.
లెక్కపెట్టమన్నాను.
ఇన్, దై, ట్రీ
అన్నాడు తన భాషలో.
నాలుగు రాలేదు.

మెలకువ వచ్చాక
ఎక్కడికెళ్లొచ్చావు తాతా అన్నాను.
కొండ మీదికి, అన్నాడు.
ఏ కొండ?

నన్ను ఎగాదిగా చూశాడు,
బేరానికొచ్చినవాణ్ణి చూసినట్టు.

"ముందు టీ తెప్పించు."