మంది

మొదటి లారీ ఇంకా కాటా ఎక్కలేదు.
మాడేవార్ సేఠ్ కిటికీల తల పెట్టి అడిగిండు:
"మందీ యేణార్ కా, సాయవ్వా?"

మరాఠీల మందీ అంటే బేరాలు పడిపోవుడు.
మా దిక్కు మంది అంటే మనుషులు.
ఇరవై ఆరేండ్ల సంది ఈ ధర్మాబాద్ మిర్చి బజార్ల
రెండు భాషల నడుమ కూసొని చీటీలు చింపుతున్న,
ఇప్పటికీ నా చెవులకు ముందుగాల మనుషులే వినొస్తరు.
"వస్తరు సేఠ్, ఎనిమిది కొట్టంగనే వస్తరు" అన్న.
ఆయన నవ్వలే.
నవ్వకపోతేగాని తెలువలే నాకు
ఆయన అడిగింది ఏ మందినో.

నాకేం ఎరుక?
నా మిషను బరువు చెప్తది, రేపటి సంగతి చెప్పదు.
నిండు బండి ఎక్కుతది, అంకెలు వణికి నిలుస్తయి.
సరుకు దించి ఖాళీ బండి ఎక్కుతది, మళ్లా వణుకుతయి.
దాంట్ల కెల్లి దీన్ని తీసేస్తే మిగిలిందే మిర్చి.
ఖాళీ బండికి కూడా ఇంత బరువుంటదా అని
కొత్తల శానా రోజులు ఆశ్చర్యపోయిన.

చూసింది మటుకు చెప్త.
నిరుడు ఇదే వారం దినానికి నలభై రెండు చీటీలు,
నిన్న పంతొమ్మిది.
భగవాన్ డ్రైవరు అరిగిన టైర్లకే మళ్లా రబ్బరు తొడిగిచ్చి
"ఇంకో సీజన్ ఆగుతయిలే" అని టైరును కాదు,
నన్ను చూసుకుంట అన్నడు.
కోల్డ్ స్టోరేజీల పోయినేటి బస్తాలు నిద్రపోతున్నయి,
కిరాయి మాత్రం రాత్రంత మేలుకొనే ఉంటది.

ఎందుకొస్తది అంటే తలా ఒక కారణం.
టీవీల కోటేసుకున్నాయన వడ్డీ అంటడు.
హమాలీ పోశెట్టి, ఎక్కడనో రేవుల
మన ఎర్ర సరుకును వద్దన్నరట, ఓడ తిరిగొస్తున్నదట అంటడు.
సముద్రం ఏ దిక్కుంటదో చూడని మేము
ఆ ఓడ కోసం చాయ్ చల్లారేదాక కొట్లాడుకున్నం.
బ్యాంకు సారును అడిగితే "ఏం కాదు" అన్నడు,
అనుకుంటనే మా బజారోళ్ల ఫైళ్లన్నీ
ఒక్కతాన పేర్చి తాడు కట్టిచ్చిండు.

తుమ్మితే జర ఆగి పొమ్మంటరు పెద్దోళ్లు.
ఈడ ఆగుకుంట పోతే ఎవరూ ఇల్లు చేరరు.
తొడిమలు తీసే నర్సవ్వ తుమ్ముతది,
రుమాలు కింద వేళ్లు పట్టి ధర చెప్పే దలాలి
ధర నడుమనే తుమ్ముతడు,
యార్డు కుక్క సుత తుమ్ముతది.
ఇన్ని తుమ్ములల్ల
ఘాటుకు వచ్చింది ఏది, కీడుకు వచ్చింది ఏది?
వచ్చేది నిజంగ వచ్చిన్నాడు కూడా
"మిర్చి ఘాటే" అనుకొని
మూతి తుడుచుకుంటమేమో.

ఎనిమిది కొట్టింది.
మంది వచ్చిన్రు.
సద్ది గిన్నెలు, మూతికి కట్టిన పాత చీర ముక్కలు,
మంట ఆరని వేళ్లకు రాసుకున్న నూనె వాసన.
ముకద్దం వేలు చూపుకుంట లెక్కవెట్టిండు.
పన్నెండు కాడ వేలు ఆగింది.
"ఇయ్యాలటికి చాలు."
రోజూ ముప్పై మందిని లోపలికి పిలిచే వేలే అది.

మిగిలినోళ్లు ఎటు పోతరు?
యెస్గి దిక్కు పోయే ఆటో మళ్లా పదింటికి.
కాటా మీద ఇనుప పలక ఎండకు జర వెచ్చవడ్డదని
ఒక్కొక్కరే వచ్చి దాని మీద కూసున్నరు.
నా మిషను మేలుకున్నది.
ఎనిమిది వందల యాభై కిలోలు.

చీటీ చేతిల పట్టుకున్న,
ఏ గడిల రాయాలె?
నిండు బండి గడిలనా, ఖాళీ బండి గడిలనా?
లేవమందునా అంటే నోరు రాలే.
ఒకామె లేచి నీళ్లకు పోయింది,
ఎనిమిది వందలు.

సేఠ్ దుకాణం మెట్ల మీద నిలవడి ఇటే చూస్తున్నడు.
ఈసారి ఏం అడగలే.

నర్సవ్వ తుమ్మింది.
ఎర్ర అంకె
ఊగి
ఇంకా నిలువలే.