శివారు నీళ్ళు

నాలుగున్నరకి లాకుల మీద ఇంకా చీకటే.
సీసా మూత తిప్పి అరచేతిలోకి ఒంపుకుంటాను
ఒకే ఒక్క మాత్ర,
నూకగింజ కన్నా కాస్త పెద్దది.
డెబ్బై అయిదు మైక్రోగ్రాములట.
గ్రామంటే తెలుసు, కాటాలో చూశాను.
దీన్ని తూచే కాటా ఏ ఊళ్ళో ఉందో!

గ్లాసుడు నీళ్ళతో మింగి
గేట్ల దగ్గరికి నడుస్తాను.
ఇంకో గంటదాకా టీ లేదు.
క్యాల్షియం బిళ్ళ రాత్రికి,
రెండూ ఒక తూములో పట్టవు.
లాకుల పక్క పాకలో పాలు మరుగుతుంటాయి.
ఈ మందులో చేదంటే ఆ వాసనే.

ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు.
లస్కరు వీరవేణి అని
రిజిస్టరులో కొత్త చేతిరాత.
మొదటి ఏడాది ఇనప చక్రం తిప్పిన చేతులే
రెండో ఏడాది తిప్పలేకపోయాయి.
రోహిణి ఎండల్లో దుప్పటి కప్పుకున్నాను.
ఉంగరం వేలికి బిగుసుకుంది.
దువ్వెన నిండా జుట్టు.
గొంతు కప్పగొంతయింది.
"దిగులే తల్లీ, మగడు పోయిన దిగులు" అన్నారందరూ.
నేనూ నమ్మాను.
దిగులున్న మాట నిజమే కదా.

అమలాపురంలో డాక్టరమ్మ
మెడ మీద వేళ్ళుంచి గుటక వెయ్యమంది.
రక్తం కాగితం వచ్చింది: టీఎస్‌హెచ్ అరవై రెండు.
"ఎక్కువుందా అండీ, తగ్గించాలా?"
"నీకు తక్కువైంది కాబట్టే అది ఎక్కువైంది" అంది.
బుర్ర తిరిగింది.
బస్సు ముక్తేశ్వరం దాటాక
ఉన్నట్టుండి తట్టింది.
నీళ్ళందని శివారు రైతులు
లాకుల మీదికొచ్చి అరుస్తారే,
నీళ్ళెంత తగ్గితే అంత పెద్దగా అరుస్తారే,
ఆ అరవై రెండూ కేకలు.
తలలో ఎవరో కూర్చుని గొంతుకేసి అరుస్తున్నారు
గేటెత్తు, గేటెత్తు అని.
ఎత్తేవాడు నిద్రపోయాడు.

ఇరవై అయిదుతో మొదలు. తర్వాత యాభై. తర్వాత ఇది.
ఒక్కసారే ఎత్తేస్తే గట్టు తెగుతుందని
నాకెవరూ చెప్పక్కర్లేదు.
కాకపోతే కాలవలో వదిలిన నీళ్ళు
మూడోనాటికి ఆఖరి తూముకి చేరతాయి.
ఒంట్లో శివారుకి ఆరు వారాలు.
అప్పుడు మళ్ళీ సూది, మళ్ళీ కాగితం.

మా తోటికోడలు పల్లాలమ్మది ఇంకో కథ.
ఆవిడకి గేట్లన్నీ ఎత్తే ఉంటాయి.
చెయ్యి వణుకు, గుండె దడ,
అర్ధరాత్రి లేచి గిన్నెలు తోముతుంది.
ఆవిడది గేటు దించే మాత్ర.
మా ఇంట్లో పడుకున్న రాత్రి
రెండు సీసాలూ ఒకే గూట్లో పెట్టాం.
నాకు నిద్ర పట్టలేదు.
లేచి ఆవిడ సీసాకి ఎర్రదారం కట్టాను.

కాలవలు కట్టేసిన నెలలో
నేనూ కట్టేశాను.
బాగానే ఉన్నాను కదా, ఇంకా ఎందుకని.
మళ్ళీ నీళ్ళొదిలేసరికి
అద్దంలో ఎవరిదో ఉబ్బిన మొహం.
డాక్టరమ్మ తిట్టలేదు.
"పైరు బాగుందని నీళ్ళాపేస్తారా?" అంది.
"గింజ ముదిరాక ఆపేస్తామండి,
ఆపకపోతే చేను పడిపోద్ది."
పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి
"అయితే నువ్వు వరి కాదు, కొబ్బరి" అంది.
ఇద్దరం నవ్వాం.
నా నవ్వు ఇంకా బొంగురుగానే వచ్చింది.

వేసుకున్నానో లేదో మరిచిపోకుండా
నీటిమట్టం రాసే రిజిస్టరులోనే
అంకె పక్కన ఓ చుక్క పెడతాను.
మొన్న తెల్లారగట్లే తనిఖీకొచ్చిన ఏఈ గారు
పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి
"ఈ చుక్కలేంటమ్మా?" అన్నారు.
"శివారు నీళ్ళండి."
"ఏ శివారు?"

అప్పటికి గంట దాటింది.
పాకలోంచి టీ వచ్చింది.
రెండు చేతులా పట్టుకున్నాను.
గ్లాసు చురుక్కుమంది.
వేళ్ళకి తెలిసింది.