కుట్టు లేని కోత

చిరుగు జాడ తెలియకుండా చీరను మళ్లీ అల్లడం నా పని.
బాగా చేస్తే ఎవరికీ కనిపించదు.
అందుకేనేమో చిక్కపేటలో నాకు బోర్డు లేదు.
మెట్ల కింద ఒక స్టూలు, వేలాడే బల్బు,
"రఫూ చౌడప్ప ఎక్కడ?" అంటే
గడ్డంతో చూపించే టీ కొట్టతను.

నలభై రెండులో వచ్చింది చత్వారం.
మొదట సూది బెజ్జం మూసుకుపోయింది.
తర్వాత పట్టు పోగూ జరీ పోగూ
ఒక్కటే అయిపోయాయి.
అద్దాలు పెడితే చెమటకి ముక్కు మీంచి
జారి చీరలో పడేవి.

పై అంతస్తు హంసిని, రెండో తరగతి,
స్కూలు వ్యాన్ వచ్చేలోపు
ఇరవై సూదులకి దారం ఎక్కించి
గంధం సబ్బు ముక్కకి గుచ్చిపెట్టేది.
"సాకా అజ్జా?" అనేది.
ఐదు వేళ్లూ చూపించేవాణ్ణి, ఇంకో ఐదని.

రాజాజీనగర్ డాక్టరమ్మ చెప్పింది:
కంట్లో కటకం గట్టిపడింది, తీసేసి కొత్తది పెడతాం,
ఎడమ కన్ను దగ్గరికి, కుడి కన్ను దూరానికి,
రెంటికీ పొత్తు మెదడే కుదుర్చుకుంటుంది.
కుట్లెన్ని పడతాయమ్మా అన్నాను.
కుట్లుండవు, కోత దానంతటదే అతుక్కుంటుంది అంది.
ముప్పై ఏళ్లు చిరుగుల మధ్య కూర్చున్నవాణ్ణి.
దారం అడగని చిరుగు ఉంటుందంటే
కోపం లాంటిదేదో వచ్చింది.
సంతకం పెట్టాను.

ఇప్పుడు రాత్రిపూట మెజెస్టిక్‌లో
ప్రతి బస్సు దీపానికీ జరీ అంచు.
కొన్నాళ్లకి తగ్గుతుందట. తగ్గకపోయినా సరే.

మొన్నొకామె పాత చీర తెచ్చింది,
వేరే చోట చిరిగిందని.
ఐదేళ్ల కిందటి నా అతుకు కూడా కనిపించింది:
అడ్డ పోగు ఒకటి తప్పాను.
ఆమెకి చెప్పలేదు. డబ్బులు తక్కువ తీసుకున్నాను.

సోమవారం పొద్దున్నే
ఇరవై సూదులూ నేనే ఎక్కించుకున్నాను, అద్దాల్లేకుండా.
మెట్ల మీద బూట్ల చప్పుడు విని
రెండింటికి దారం లాగేశాను.

పిల్ల కూర్చుంది, దారం కొస నోట్లో తడిపింది.
అప్పుడు చూశాను, దాని బొటనవేలి మీద
నల్లటి చుక్కలు, చాలా,
కొన్ని పాతవి, ఒకటింకా ఎర్రగా.
ఇన్నాళ్లూ ఒక్కసారీ అబ్బా అనలేదు.

"సాకా అజ్జా?"
"సాకు" అన్నాను.
దాని భాషలో అంటే చాలని.
నా భాషలో ఆ రెండు సూదులు.