ఎఫ్ కార్డ్

పూర్ణా మార్కెట్ వెనక సందులో
పద్దెనిమిది వందలకి కొన్నాను.
తలమీద అతికించిన కంపెనీ పేరు
మొదటి వానాకాలానికే ఊడిపోయింది.
అప్పట్నుంచి అది ఉత్త గిటారు.

పదేళ్లు ఎఫ్ కార్డ్ పలకలేదు.
తీగలకి ఉప్పుగాలి తుప్పు,
షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ చేసి మొద్దుబారిన వేళ్లు.
నేను వేళ్లనే తిట్టుకున్నాను.

మొన్న జ్ఞానాపురంలో ఎబినేజరు
నలభై వేల జపాన్ గిటారు నా ఒళ్లో పెట్టాడు.
"ఓపాలి చూడు గురూ, ఊరికినే."
చూపుడువేలు అడ్డంగా వాల్చానో లేదో
ఆరు తీగలూ ఒక్క గొంతుతో లేచాయి.
సిగ్గేసింది. తర్వాత కోపమొచ్చింది.
పదేళ్ల కోపం,
ఎవరి మీద పెట్టుకోను?

రిపేర్ల ఫ్రాన్సిసు నా దాన్ని తిరగేసి, కన్ను చికిలించి,
మెడ దగ్గరి బిళ్ళని ఆకురాయితో అరగదీశాడు.
"సెక్క మంచిదే బాబూ, తీగలే ఎత్తు."
నూటయాభై తీసుకున్నాడు.

ఇప్పుడు ఎఫ్ పలుకుతోంది,
కాస్త బొంగురుగా, రేవులో ఓడ కూతలా.
ఎబినేజరుదే ఇంకా బావుంటుంది, అబద్ధమెందుకు.
కానీ రాత్రుళ్లు డాబా మీద
నా వేళ్లకి క్షమాపణ చెప్పుకునేది
దీని మీదే.