ఏది ముందైతే అది

మూడేళ్లు, లేదా ముప్ఫై వేల కిలోమీటర్లు,
ఏది ముందైతే అది.
కొన్ననాడు ఈ వాక్యం చదవలేదు.
కొన్ననాడు ఎవరు చదువుతారు,
హెల్మెట్ అద్దంలోంచి ఊరంతా కడిగినట్టు కనబడుతుంటే?

ఇరవై ఆరు వేల నాలుగు వందల దగ్గర
హ్యాండిల్ మధ్యలో చిన్న తట్టు.
నిటారుగా పోతున్న బండి
ఏదో మరిచిపోయినట్టు రెప్పపాటు ఆగి
సర్లే అని మళ్లీ కదులుతుంది.
ముందు ఫోర్కు మీద నూనె చెమ్మ,
గోరుతో గీస్తే నల్లటి గీత.

బొమ్మనహళ్లి షోరూమ్‌లో గోడంతా మంచుకొండ,
దాని మీద నా బండి లాంటి బండి,
బురద కూడా కొలిచి పూసుకున్నట్టుంది.
చిదానంద ట్యాబ్ మీద వేలు జరుపుతూ
"ఇదు సవెత, మేడమ్" అన్నాడు.
అరుగుదల. కన్నడంలో ఎంత మెత్తగా ఉందో మాట.
సవెతకు వారంటీ లేదు.
కోన్ సెట్టుకు లేదు, ఆయిల్ సీలుకు లేదు,
బ్రేక్ ప్యాడ్లకూ చైన్‌కూ ఎలాగూ లేదు.
కదిలేది ఏదైనా అరుగుతుంది,
అరిగేది ఏదైనా మనదే.

"ఆఫ్‌రోడ్ తోలారా?"
నవ్వొచ్చింది.
అందుకే గదా స్వామీ అమ్మారు!
తోలింది మాత్రం సిల్క్ బోర్డు దాకా,
తవ్వి, పూడ్చి, పూడ్చింది మరిచి మళ్లీ తవ్విన
వర్తూరు దారిలో.
కాగితం మీద అది రోడ్డే.
కొండ చూసింది ఒక్కసారి, సకలేశపుర దాటాక, వానలో.
ఆ రోజు ఏమీ విరగలేదు.

బయటికొచ్చి గొడవకు మాటలు కూర్చుకుంటుంటే
నా మాటలే నాకు అడ్డం పడ్డాయి.

నేను జయనగరలో పళ్లు చేస్తాను.
డాక్టర్లు అచ్చులు పంపుతారు,
జిర్కోనియా చెక్కి, కాల్చి, నిగారింపు పెట్టి పంపుతాను.
పన్నుకో కార్డు, ఐదేళ్లు.
కార్డు వెనక చీమతలంత అక్షరాల్లో,
నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే బాధ్యత మాది కాదు.
ఆ వాక్యం టైపు చేసింది నేనే.

పోయిన నెల ఒక పెద్దాయన, తిమ్మరాయప్ప గారు,
విరిగిన పన్ను అగ్గిపెట్టెలో పెట్టుకొచ్చాడు.
"నిద్రలో కొరుకుతానని నాకెట్లా తెలుస్తుందమ్మా?
చెప్పే మనిషి ఇప్పుడు పక్కన లేదు."
రూలు అంతే సార్ అన్నాను.
ట్యాబ్ ఒకటే తక్కువ నా చేతిలో.

శుక్రవారం జేసీ రోడ్డులో బేరింగులు కొన్నాను.
విల్సన్ గార్డెన్‌లో ఫయాజ్ ముందు చక్రం విప్పి
లోపలి గిన్నెను ఉలితో తట్టి తీసి
గుడ్డతో తుడిచి వెలుగులో పెట్టాడు.
చుట్టూ గుంటలు, వరసగా.
ఒక్కో బాలు తాను కూర్చున్న చోటే
ఇల్లు తవ్వుకుంది.
"తిరిగితే అరగలేదక్కా ఇది.
తిరక్క అరిగింది.
రోజూ అదే దారి, అదే నిటారు, పైనుంచి గుంతల దెబ్బ."
ఆ మాట నా గురించి కాదని తెలుసు.
టీ తాగినంతసేపూ నా గురించే అనిపించింది.

తిమ్మరాయప్ప గారి పన్ను మళ్లీ చేశాను.
బిల్లు సగమే వేశాను.
మొత్తం వదిలేద్దామంటే నేనూ ఓ షోరూమునే కదా.
కార్డు మాత్రం పెట్టలేదు,
రాత్రుళ్లు పెట్టుకునే మెత్తటి తొడుగొకటి పెట్టాను.

ఆదివారం పొద్దున
అరిగిన టూత్‌బ్రష్, కాస్త డీజిల్,
చైన్ లింకు లింకుకీ తోముతున్నాను.
పై అంతస్తు పిల్లవాడు అడిగాడు,
"ఆంటీ, దీనికి పిప్పిపళ్లా?"

సెంటర్ స్టాండ్ వేసి
ముందు చక్రం గాల్లోకి లేపి
హ్యాండిల్‌ను వేలితో కాస్త తోసి వదిలాను.
మధ్యలో ఎక్కడా ఆగలేదు.
తనంతట తానే, నీళ్లు ఒరిగినట్టు,
ఎడమకు వాలింది.

మీటరు మీద ఇంకా మూడు వేలు మిగిలి ఉన్నాయి.
తేదీ ప్రకారం పదకొండు రోజులు.